‘మా’ అన్న మాట

ఆ ఫ్యామిలీ కోర్టు జడ్జిగారికి వకీళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు ‘అత్తగారు’. ఎదురుగా అనే దమ్ము ఒక్కడికీ లేదనుకోండి. ఒక లారీ డ్రైవరుకి మాత్రం ఆవిడంటే బెదురు లేదు. భార్య పోయినప్పుడు చంటిబిడ్డని వదినగారి చేతుల్లో పెట్టి రోడ్డెక్కిన మనిషి, ఇన్నేళ్ళకి ఊళ్ళోనే డిపోలో ఉద్యోగం చూసుకుని, కూతురికి చిన్న మంచం కూడా కొని, పిల్లని ఇప్పించమని కోర్టుకెక్కాడు. వదిన ఇవ్వనంటే ఇవ్వనంది.

"తల్లి లేనప్పుడు హక్కు తండ్రిదే. కేసు మన జేబులో ఉంది," అన్నాడు అతని వకీలు.

జడ్జిగారు తండ్రినీ, వదిననీ, పిల్లనీ తన గదిలోకి పిలిపించారు. పెద్దవాళ్ళు నోరు మెదపకూడదని షరతు. ‘ఎవరి దగ్గరుంటావమ్మా?’ అని అడుగుతారేమోనని డ్రైవరు గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు. ఊడిన పన్ను సంగతి అడిగారు. మాట పన్ను మీంచి పిల్లి మీదికెళ్ళింది. ఇక పిల్ల ఆగితేనా!

"నాన్నా, మా ఇంట్లో పిల్లి పిల్లల్ని పెట్టింది! నువ్వు మా ఇంటికొస్తే చూపిస్తా," అంది తండ్రితో. వెంటనే అటు తిరిగి, "పెద్దమ్మా, మనింట్లో ఎన్ని పుట్టాయి, మూడా నాలుగా?" అంది.

జడ్జిగారు పెన్ను కింద పెట్టి డ్రైవరు కేసి చూశారు. అతని ముఖాన చన్నీళ్ళు కొట్టినట్టయింది. ‘మా ఇల్లు’ అని చుట్టాలతో కదా అంటాం! కన్నకూతురు తనని చుట్టాన్ని చేసేసింది, అదీ ఎంతో ప్రేమగా. అతనికి ఏడుపు ముంచుకొచ్చింది.

"విన్నావా బాబూ?" అన్నారావిడ.

"విన్నానమ్మా."

తర్వాత కోర్టు హాల్లో వకీలు సెక్షన్లు ఏకరువు పెట్టాడు. జడ్జిగారు ఓపిగ్గా విన్నారు.

"హక్కు తండ్రిదే, కాదనను. పిల్లకి ఏది మేలో చూడటం మాత్రం చట్టం నా విచక్షణకి వదిలింది. నేనూ పొరబడొచ్చు. అందుకే సెలవులయ్యాక మళ్ళీ చూస్తాను. అందాకా పాప పెద్దమ్మ దగ్గరే. తండ్రి రోజూ డ్యూటీ దిగాక అక్కడికెళ్ళి, కూతురితో కలిసి భోంచేసి, నిద్రపుచ్చి రావాలి." వదిన వైపు వేలు చూపించారు. "అన్నం పెట్టనన్నావో, నీ సంగతి చూస్తాను."

హాలంతా నవ్వింది, వదినతో సహా. సెక్షను చదివేసి చేతులు దులుపుకుంటే ఆవిణ్ణి అడిగేవాడెవడు? ఆ పని చెయ్యకుండా, ఒక పసిదాని కబుర్లు చెవి ఒగ్గి విన్నారు. ఓడిపోయిన డ్రైవరుకే ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టాడు కూడా.

వకీలు వరండాలో చిందులు తొక్కాడు. "ఇదేం తీర్పండీ! పైకోర్టుకెళ్దాం. గెలుపు మనదే, రాసిస్తాను."

మెట్ల దగ్గర పిల్ల పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గెంతుతోంది. డ్రైవరు అటే చూస్తూ నిలబడ్డాడు.

"వద్దు సార్," అన్నాడు. "గెలిస్తే తీసుకెళ్ళిపోవాల్సొస్తుంది."