మల్లన్న చదివిన మూడు చిట్టీలు

స్టవ్ ఆర్పకుండా డ్యూటీకి పోయిన ఘనుడెవరో తేలలేదు గానీ, నింద మాత్రం షఫీ నెత్తిన పడింది. గల్ఫ్‌లో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలోని విల్లాలో ఆ గదికి నలుగురు. వంటగది కర్టెన్ తగలబడిన పొద్దున ఆఖరున టీ పెట్టింది షఫీయేనని మారుతి ఒకటే గోల. ఇంకోసారి ఇలా అయితే అందరినీ గెంటేస్తానన్నాడు విల్లా యజమాని. దాంతో షఫీని ఉంచాలా, ఊరవతల లేబర్ క్యాంపుకు పంపాలా అని పంచాయితీ పెట్టారు.

షఫీకి బాగా గుర్తు, తాను స్టవ్ ఆర్పాడు, గ్లాసు కడిగి బోర్లించి మరీ పోయాడు. మరి సింకులో దొరికిన ఎంగిలి గ్లాసు ఎవరిది? మారుతిదే అయ్యుంటుంది. ఏసీ కింద ఉన్న తన మంచం మీద ఎప్పుడో కన్నేశాడు వెధవ!

"చేతులెత్తుండ్రి, ఖల్లాస్," అన్నాడు మారుతి.

"నీ మొగం జూసి ఎవురెత్తుతారు? చిట్టీలేయల్ల," అన్నాడు షఫీ. రాయచోటివాడు, మొండిఘటం.

మల్లన్న అందరిలోకీ పెద్ద. మారుతిదీ ఆయనదీ జగిత్యాలే. "సరే. భయం లేకుండ రాసేదే ఓటు. ఎవ్వలేం రాసిండ్రో ఎవ్వలూ అడగొద్దు," అన్నాడు.

షఫీ తప్ప ముగ్గురూ రాసి గిన్నెలో వేశారు. మారుతి చెయ్యి అడ్డం పెట్టుకుని రాస్తుంటే షఫీకి కడుపు మండిపోయింది. గయాజ్ మాత్రం కన్నుగీటాడు. వాడికి వీసా ఇప్పించి, తన సొంతూరు రాయచోటి నుంచి రప్పించింది షఫీయే. ఆ ఓటుకు ఢోకా లేదు.

మల్లన్న ఒక్కొక్కటే విప్పి చదివాడు. "ఉండాలె. ఉండాలె. పోవాలె."

హమ్మయ్య, బతికిపోయాడు! అయినా ఆ మూడోది షఫీని పొడుస్తూనే ఉంది.

"ఇడ్సిపెట్టు భాయ్. ఎవుడో మనోడు కాడులే," అని గయాజ్ భుజం తట్టాడు.

పారేద్దామని షఫీ చిట్టీలు చేతిలోకి తీసుకున్నాడు. రెండింట్లో 'ఉండాలె' అనే ఉంది. మూడోదాంట్లో 'పోవల్ల' అని ఉంది. మల్లన్న దాన్ని తన యాసలో చదివేశాడంతే. జగిత్యాలవాళ్ళు చచ్చినా అలా రాయరు. ఎంగిలి గ్లాసు ఎవరిదో ఇక అడగక్కర్లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఒక్క మాట పట్టిచ్చేసింది. షఫీకి ఏడుపొచ్చింది.

"నన్నే అనుమానపడ్డవ్ గద? అరిసిన గని, ఎళ్ళగొట్టుమని నేన్ రాయలే. ఇటియ్, రాత చూద్దాం," అని మారుతి చెయ్యి చాచాడు.

గయాజ్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

షఫీ గుప్పిట మూశాడు. "వద్దన్నా. చిట్టీలేయమన్నది నేనే."

స్టవ్ వెలిగించి మూడింటినీ కాల్చేశాడు. మంట అలాగే వదిలి గయాజ్ వైపు తిరిగాడు.

"రేయ్, ఈసారన్నా ఆర్పు," అన్నాడు.