వెనక్కి వాలిన అద్దం

మా తమ్ముణ్ని నేను నత్త అంటాను. గోడల మీద బొమ్మలేయడం వాడి పని. ఏది చెప్పినా నానుస్తాడు. నేనేమో పాలవ్యాను నడిపినదాన్ని, నాకు క్షణం ఆగితే ఒళ్లు మంట. ఊరంతా ముసుగు తన్ని పడుకునే వేళ రోడ్డు మీద నాకు తోడు చుక్కలే. సప్తర్షుల గరిటె ఎంత తిరిగిందో చూసి టైం చెప్పేదాన్ని. చిన్నప్పుడు వీణ్నీ పక్కన కూచోబెట్టుకుని చూపించేదాన్ని, కానీ వీడు ధ్రువనక్షత్రం దొరికేలోపే గుర్రు పెట్టేవాడు.

ఆమధ్య కుడి తుంటి విరిగింది. ఆస్పత్రి మంచంలో వీపంతా పుళ్లు పడ్డాయి. ఇక మేడ మెట్లు ఎక్కే మాటే లేదని, పడుకుంటే ఎడమవైపే పడుకోవాలని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. నేను ఏడ్చాను. నొప్పికి కాదు, మళ్లీ ఆకాశం చూస్తానో లేదోనని. నత్త మంచం పక్కనే నిలబడి విన్నాడు.

ఇవాళ సాయంత్రం ఇంటికి తెచ్చారు. చక్రాల కుర్చీలో గదిలోకి రాగానే తల ఎత్తి చూశాను. పైకప్పు నిండా చుక్కలు! తర్వాత సరిగ్గా చూశాను. బోర్లించిన గరిటెకి కాడ కుడివైపు ఉండాలా? ఎడమవైపుంది. స్వాతి చుక్కా అటే. ఆకాశం మొత్తం తిరగబడింది.

"ఓరి నీ మొహం మండ! ఇన్నేళ్లు చూపించింది ఇందుకేనా? ఏ వైపు కాడో కూడా తెలీదురా నీకు?"

కుర్చీ పట్టుకొచ్చిన ఆస్పత్రి మనుషులిద్దరూ కిసుక్కున నవ్వారు. వాళ్లు నవ్వేసరికి నాకు ఇంకా ఊపొచ్చింది.

"అది కాదక్కా, నువ్వు పడుకున్నాక..."

"నోర్ముయ్! ఆ బీరువా అద్దం కూడా వెనక్కి వాలేలా బిగించావు. ఒక్క పనైనా తిన్నగా చెయ్యవా జన్మలో?"

వాడు రంగు డబ్బా తీసుకుని వసారాలోకి పోయాడు. మొహం వేలాడిపోయింది. పోతే పోనీ అనుకున్నాను.

మా మరదలు, అంటే వాడి భార్య, నన్ను మెల్లగా మంచం మీదికి చేర్చి ఎడమవైపు తిప్పింది. నా ఎదురుగా బీరువా అద్దం. అందులో పైకప్పు. గరిటె కాడ ఉండాల్సిన వైపే ఉంది. ఆ వంపు వెంట చూపు పోనిస్తే నారింజరంగు స్వాతి, ఇంకాస్త పోతే చిత్త. నా ఆకాశం ఎక్కడిదక్కడే ఉంది.

దిండు గలేబు మీద, నా చెంప కింద, తెల్ల రంగు మరక.

"వదినా, ఆయన ఇక్కడే, ఇలాగే పడుకుని అద్దంలో చూసుకునేవాడు. ఒక చుక్క పెట్టడం, దిగడం, పడుకోవడం, మళ్లీ ఎక్కడం. నిచ్చెన పట్టుకుని నా చేతులు పడిపోయాయి," అంది మరదలు. మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

సిగ్గుతో చచ్చిపోయాను. వాడు చెప్పబోతే నోరు నొక్కేశాను, అదీ పరాయివాళ్ల ముందు.

"ఒరేయ్ నత్తా, ఇలా రారా," అని పిలిచాను. వసారాదాకా వినపడలేదు. మరదలే వెళ్లి పంపింది.

గుమ్మం నా వీపు వెనక ఉంది. అడుగుల చప్పుడు వచ్చి అక్కడ ఆగింది.

"స్వాతి రంగు సరిపోయిందా అక్కా? ఇంకాస్త ఎరుపు కలపాలేమో అనుకున్నా," అన్నాడు.

తిట్టినా బాగుండేది వెధవ.

"సరిపోయిందిరా. అన్నీ సరిపోయాయి." తప్పైపోయిందనే మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూచుంది. కళ్లలో నీళ్లు కారి ఆ మరక మీదే పడుతున్నాయి.

"అయితే ఇటు తిరిగి నా మొహం చూసి చెప్పు."

"డాక్టరు తిరగొద్దన్నాడు కదరా," అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక నేను డాక్టరు మాట వినడం అదే మొదలు.