వీరశిలకుఁ బెట్టిన పొంగలి

ఆనాఁటి ప్రాతఃకాలమున శరన్మేఘశకలములు ఏకిన దూదివలె గగనాంగణమున నెల్లెడలఁ జెదరియుండఁగా బాలభానుఁడు తునుకచాటునుండి తునుకచాటునకుఁ దొలఁగుచు మడుగుపాటిపురమునకు వెలుఁగును పాళ్లువేసి పంచిపెట్టుచున్నట్లుండెను.

ఆ పురమున శిథిలమైన పాత సత్రమునకు సున్నము కొట్టించి చిత్రలేఖనోపాధ్యాయుఁడు శేషాచారి పురావస్తుప్రదర్శనశాలను నెలకొల్పి యేఁడైనను నిండలేదు. చేలలో దొరకిన పూసలును విఱిగిన కుండలును దప్ప మఱేమియులేని యా శాలకు మకుటాయమానమైనది ఖడ్గపాణియు భ్రుకుటీభీషణుఁడునైన యొక వీరుని ఱొమ్ముదాఁకఁ జూపు శిలార్ధము. దానిప్రక్క నల్లపలకపై సుద్దతో “ఓబులప్ప యిచ్చినది” అని వ్రాయఁబడియుండెను.

ఆ వ్రాఁతయే ఓబులప్ప తమ్ముఁడైన సుంకప్పకుఁ గంటిలో నలుసయ్యెను. పిడుగుపాటున రెండైన తమ వంశవీరుని ఱాతిని అన్నదమ్ములు వేఱుపడునపుడు పొలముతోపాటు పంచుకొనిరి. పైసగ మన్నకును క్రిందిసగము తమ్మునికిని వచ్చెను. నాఁటినుండి ప్రతికార్తికమునను వీరపొంగలి నెవని సగమునకు వాఁడే పెట్టుకొనుచుండెను. శేషాచారి యెన్నిమాఱు లడిగినను సుంకప్ప తన సగము నీయఁడయ్యెను.

“మొగమూ ఆయనదే, పేరూ ఆయనదే. నేను కాళ్లు మోసుకొచ్చి ఆయన కింద పెట్టల్లనా అయ్యవారూ?” అని త్రిప్పిపంపుచుండెను.

ఆ యుదయమే పొంగలిదినము. చేనిగట్టున శిలయెదుట నాకుపఱచి సుంకప్ప ముద్ద పెట్టఁబోవఁగా భార్య యీరమ్మ యొకింతసేపు చూచి యిట్లనెను.

“నోరు మీయన్న కాడ ఉండాది. కడుపు నీ కాడ ఉండాది. ఎన్నేండ్లాయనో తాతకు పస్తు.”

“నువ్వు గమ్మునుండు.”

“నేను గమ్మునే ఉంటా. ఆకలైన కడుపు ఉండల్ల గదా.”

సుంకప్ప యెత్తిన ముద్దను మరలఁ గుండలో వేసి బండి గట్టి కుండతోఁ గూడఁ దన సగమును దానిపై కెక్కించెను.

సత్రమున నోబులప్ప తన పొంగలికుండతో ముందే కూర్చుండియుండెను. శేషాచారి శిలక్రింద నెత్తుకై పేర్చిన యిటుకలఁ దీయించి సగముపై సగము నిలిపించెను. సుంకప్ప కూడిన వీరునిఁ జూడక పలకనే చూచుచుండెను.

“నా పేరు గూడ రాయల్ల.”

“రాస్తాను నాయనా. ఎవరిది ముందు?”

అన్నదమ్ము లిద్దఱును బదులీయరైరి. శేషాచారి పలకను గుడ్డతోఁ దుడిచి ఖాళీగ నిలిపెను. నేఁటికిని అది యట్లే యున్నది.

పిమ్మట రెండుకుండల పొంగలియు నొక్కయాకునఁ గలిపి వీరుని నోటియెదుట నుంచి మిగిలినదానిఁ బంచుకొని అన్నదమ్ములు ప్రక్కప్రక్కనఁ గూర్చుండి ఎవని యాకున నెంత పడినదో యోరకంట నరయుచు భుజించిరి. వారి తలలమీఁదుగా వీరుని ఱొమ్ముక్రింద నతుకుగీఁత స్పష్టముగఁ గనఁబడుచుండెను.