గడ మీది దీపం

నూకయ్యకి మోకాళ్లు సెలవు చెప్పేశాయి. నలభై ఏళ్లపాటు, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర వల వేసిన మనిషి, పోయిన వేసవిలో పడవని బావమరిది గంగబాబుకి అప్పగించి గట్టెక్కేశాడు. పడవిచ్చాడు, వలలిచ్చాడు, లంగరు తాడు కూడా ఇచ్చాడు గానీ పడవ గడ మీద కట్టే ఎల్‌ఈడీ దీపాన్నీ దాని బ్యాటరీనీ మాత్రం ఇవ్వలేదు. "అదెందుకు బావా నీకు, ఇంట్లో పెళ్లేమైనా పెట్టుకున్నావా?" అని గంగబాబు ఎగతాళి చేస్తే, "ఉండనీరా" అన్నాడు. అన్నీ ఇచ్చేశాక మనిషికి ఏదో ఒకటి మిగలాలి కదా. దాన్ని గోనెసంచిలో చుట్టి మంచం కింద దాచుకున్నాడు.

దానికి పని డిసెంబరులో పడింది.

నూకయ్యకి ఒక్కతే కూతురు, సత్యప్రియ. ఇంటికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న పాలకేంద్రంలో రెండేళ్లుగా పని చేస్తోంది. రైతులు తెచ్చిన పాలలో వెన్న ఎంతుందో మిషను మీద చూసి, చిట్టీ రాసిచ్చి, క్యాన్లు నింపి వ్యాను ఎక్కించాలి. తెల్లవారుజామున అయిదింటికల్లా తలుపు తియ్యాలి. ఆ తలుపు తాళంచెవి ఆ పిల్ల దగ్గరే ఉంటుంది, నల్లతాడుకి గుచ్చి మెడలో వేసుకుంటుంది. ఊళ్లో పాలన్నీ తన కూతురి మెడలో ఉన్న ఇనపముక్క కోసం ఎదురు చూస్తాయని నూకయ్య టీకొట్టు దగ్గర చెప్పని రోజు లేదు. వినేవాళ్లు విసుక్కున్నా ఆపేవాడు కాదు.

ఆమె వెళ్లేది సైకిలు మీద, కాలవగట్టు దారిన. చలికాలం వచ్చేసరికి ఆ దారి పగవాడికి కూడా వద్దనిపిస్తుంది. రెండో పంట దాళ్వా ఊడ్పులకి నీళ్లు వదిలారేమో, ఒక పక్క కాలవ నిండుగా పారుతుంది. రెండో పక్క దమ్ము చేసిన చేలు. మధ్యలో నాలుగు కిలోమీటర్లు ఒక్క వీధిదీపం ఉండదు. మీదనుంచి పొగమంచు. సత్యప్రియ ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, రెండో చేత్తో సెల్‌ఫోను టార్చి వేసుకుని వెళ్లేది. ఒకరోజు తూము దగ్గర కుక్క అడ్డం వచ్చింది. సెల్లు ఎగిరి కాలవలో పడింది. పడ్డాక కూడా నీళ్లలోంచి కాసేపు వెలుగుతూనే ఉందట, పాపం.

ఆ రోజు చీకట్లో సైకిలు నడిపించుకుంటూ వెళ్లేసరికి అయిదున్నర దాటింది. పాలకేంద్రం అధ్యక్షుడు భీమరాజుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చెడ్డ మనిషి కాదు, కానీ పాలు ఆగవు కదా. "ఈ నెల్లో మూడోసారి తల్లీ. రైతులు చలిలో నిలబడుతున్నారు. టైముకి రాలేకపోతే చెప్పెయ్, తాళం ఇంకోళ్లకి ఇచ్చేస్తాను" అన్నారు.

సాయంత్రం ఆ మాట విని నూకయ్య గోనెసంచి విప్పాడు.

"నలభై ఏళ్లు మొగలో పడవ నడిపినోణ్ణి. సైకిలుకి దీపం కట్టలేనా?" అన్నాడు.

"కొట్లో చిన్న లైట్లు అమ్ముతారు నాన్నా" అంది సత్యప్రియ.

"మిణుగురు పురుగులమ్మా అవి. దీపమంటే తలకంటే ఎత్తున ఉండాలి. పడవ శాస్త్రం అది."

శాస్త్రం ప్రకారమే కట్టాడు. సైకిలు వెనక క్యారియరుకి మనిషెత్తు దాటిన వెదురుగడ బిగించి, పైన దీపం, కింద బ్యాటరీ. గడ ఊగకుండా వల కట్టే తాడుతో సీటు కడ్డీకి నాలుగు కట్లు వేశాడు. చీకటి పడ్డాక మీట నొక్కితే కాలవ అవతలి గట్టు మీద కొబ్బరికాయలు లెక్క పెట్టుకోవచ్చు, అంత వెలుతురు. వీధంతా వచ్చి చూసింది. ఎదురింటి చిట్టెమ్మ బుగ్గన వేలేసుకుని, "సైకిలెక్కి వెళ్తున్నట్టు లేదు నూకయ్య గోరూ, అమ్మవారి ఊరేగింపులా ఉంది" అంది. నూకయ్య దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు. ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాడు.

మర్నాడు పొగమంచు గట్టిగా దిగింది.

సత్యప్రియ ఊరు దాటి గట్టెక్కి మీట నొక్కింది. దారి కనబడలేదు సరికదా, కళ్ల ముందు తెల్లటి గోడ లేచింది. వెలుతురంతా మంచుకి తగిలి వెనక్కి కొడుతోంది. ఆ గోడ మీద తన నీడే నల్లగా, రాక్షసంత ఎత్తున తన ముందు నడుస్తోంది. నీడని తప్పించబోయి హ్యాండిలు తిప్పింది. సైకిలూ, గడా, దీపం, ఆమె, అందరూ కలిసి గట్టు మీంచి జారారు. కాలవ వైపు కాకుండా చేను వైపు జారారు. ఆ ఒక్కటే ఆ రోజు జరిగిన మంచి.

మోచెయ్యి గీరుకుపోయి, నడుం దాకా బురదతో ఆరింటికి చేరింది. భీమరాజుగారు కోప్పడలేదు. దెబ్బ చూసి నీళ్లు తెప్పించారు, అయోడిన్ తెప్పించారు. అంతా అయ్యాక చెయ్యి చాపారు. "తాళం ఇలా ఇయ్యమ్మా. ఆదివారం దాకా మా వీరబాబు తీస్తాడు. సోమారం అయిదింటికి నువ్వు ఇక్కడుంటే తాళం నీదే. లేకపోతే ఏమనుకోకు."

ఇంటికొచ్చిన కూతురి మెడలో నల్లతాడు ఖాళీగా వేలాడుతోంది. నూకయ్య భార్య పెద్దింట్లమ్మ ముందు కూతురి బురద కడిగింది, తర్వాత మొగుణ్ణి కడిగింది.

"మన దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలదా? శాస్త్రమంట, శాస్త్రం! నీ గడని పొయ్యిలో పెడతాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? చలికాలం వెళ్లేదాకా పిల్ల గడప దాటదు."

"చలికాలం వెళ్లేసరికి ఉద్యోగం కూడా వెళ్లిపోద్దమ్మా" అంది సత్యప్రియ. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది నూకయ్యకి.

"దీపంలో లోపం లేదే" అని మాత్రం అన్నాడు. ఆ మాట ఎందుకన్నానా అని రాత్రంతా తనని తానే తిట్టుకున్నాడు.

తెల్లవారుజామున ఆడవాళ్లు లేవకముందే సైకిలు తీసుకుని గట్టు మీదకి వెళ్లాడు. మోకాళ్లతో తొక్కలేడు గనక తోసుకుంటూ వెళ్లాడు. మీట నొక్కాడు. కూతురు చెప్పినట్టే తెల్లగోడ లేచింది. చెయ్యి చాపితే వేళ్లు కనబడుతున్నాయి గానీ కాళ్ల కింద నేల లేదు. ఈ గోడలోకి పిల్లని పంపించానా అనుకున్నాడు. కోపంతో కట్లు తెంపేశాడు, గడ మీంచి దీపం ఊడదీశాడు. ఆర్పెయ్యడానికి మీట వెతుక్కుంటూ దీపాన్ని తీగతో సహా మోకాలి దగ్గర వేలాడేసుకుని నిలబడ్డాడు.

అప్పుడు దారి కనిపించింది.

బండిచక్రాల గాడి, గడ్డి అంచు, ఎండ్రకాయ బొరియ, అన్నీ! పది బారల దూరం దాకా తీరుగా కనబడుతున్నాయి. దీపం పైకెత్తి చూశాడు. గోడ. కిందికి దించాడు. దారి. నలభై ఏళ్లూ శాస్త్రం శాస్త్రమనుకున్నది సగమేనని ముసలాయనకి గట్టు మీద తెలిసింది. ఇంకా కొంచెం వెలుగు పైకి చిమ్మి కళ్లలో పడుతోంది. దీపం మీద అరచెయ్యి గొడుగులా పట్టాడు. అదీ ఆగింది. అలా చెయ్యి అడ్డం పెట్టుకుని ఒంగి ఒంగి కాలవ లాకుల దాకా వెళ్లి వచ్చాడు. మోకాళ్ల నొప్పి గుర్తే రాలేదు.

అరచెయ్యి సైకిలుకి బిగించలేం. కానీ కోనసీమలో అరచేతి లాంటి వస్తువుకి కరువా? పెద్ద కొబ్బరికాయ కొట్టి, ముక్క తీసేసి, చిప్పని గాజుపెంకుతో నున్నగా గీకాడు. మలికిపురం వెళ్లి సైకిలుషాపు నాగబాబు ముందు చిప్ప, దీపం, బ్యాటరీ, వరసగా పెట్టాడు.

"ఏటండీ బాబాయ్ గారూ ఇది, దీపానికి టోపీయా?" అన్నాడు నాగబాబు.

"ఆయ్, టోపీయే. ముందుచక్రం ఇరుసుకి జానెడు పైన, నేలచూపు చూసేటట్టు బిగించు."

నాగబాబు నవ్వుతూనే చిప్పకి బెజ్జాలు పెట్టాడు, దీపం మీద గొడుగులా బిగించాడు. కుర్చీలో వెనక్కి వాలి చూసి, నవ్వడం మానేశాడు. "మంచుకి తెలుపు పనికిరాదండీ, లారీవోళ్లు పసుపే వాడతారు" అని కారు దీపాలకి అంటించే పసుపుపచ్చ పొర ఒకటి కత్తిరించి అద్దం మీద అంటించాడు. బ్యాటరీ బరువు పక్కకి లాగకుండా కడ్డీ మధ్యకి మార్చాడు. ఆఖర్న చిన్న ఎర్రలైటు ఒకటి తీశాడు. "అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లారీలు ఆ టైములోనే వస్తాయండి. వెనకాల ఇది లేకపోతే ప్రమాదం. సీటు కింద పెట్టేద్దామా?"

నూకయ్య ఆ ఎర్రలైటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"దీన్ని నేను కట్టుకుంటాన్లే" అన్నాడు.

సోమవారం తెల్లవారుజాము. నాలుగైంది. మంచు ఎంత గట్టిగా ఉందంటే, వాకిట్లో తులసికోట గడపలోంచి కనబడలేదు. సత్యప్రియ స్వెట్టరు వేసుకుని, చెవులకి చున్నీ చుట్టుకుని సైకిలు దగ్గర నిలబడింది. పెద్దింట్లమ్మ వచ్చి హ్యాండిలు పట్టేసుకుంది. చూపు వెనక చక్రం మీద పడింది. అక్కడ మళ్లీ గడ!

"ఇంకా సిగ్గు రాలేదా నీకు? పిల్లని మళ్లీ చేలో పడేస్తావా?" అని అరిచింది.

"వెలుతురు కిందే ఉందే, చూడు. దారి చూడ్డానికి దీపం కింద ఉండాలని నాకు ఇన్నాళ్లకి తెలిసొచ్చింది" అని నూకయ్య మీట నొక్కాడు. చిప్ప కింది నుంచి పసుపు వెలుతురు నేల మీద చాపలా పరుచుకుంది. వాకిలి, దాని అవతల వీధి, వీధి మలుపులో రాయి, అన్నీ కనిపించాయి. పెద్దింట్లమ్మ ఒక్క క్షణం తగ్గింది.

"మరి ఆ గడెందుకు?"

"అది నీకు."

ఆమెకి అర్థం కాలేదు. నూకయ్య గొంతు తగ్గించాడు. "పెళ్లైన ఏడాది నేను దీపం లేకుండా మొగలోకెళ్లి పొద్దెక్కేక వచ్చేను. నువ్వు ఒడ్డు మీద నిలబడి ఉన్నావు, కాళ్లకి చీమలు పట్టేసున్నాయి. 'నాకు ఏవీ తెలీదు, దీపం ఎత్తుగా కట్టు, ఒడ్డు మీంచి నాకు కనపడాలి' అన్నావు. ఆ రోజు నుంచి గడ మీదే కట్టేను. శాస్త్రం, శాస్త్రం అని ఊరంతా కోతలు కోశాను గానీ, అది నీ మాటే. అది దారి చూసుకునే దీపం కాదే. ఒడ్డు మీదున్నోళ్లు చూసుకునే దీపం."

గడ చివర ఎర్రలైటు టిక్కుటిక్కుమని వెలిగి ఆరుతోంది. పెద్దింట్లమ్మ హ్యాండిలు వదల్లేదు. వదలకుండానే చీరచెంగు నడుముకి దోపుకుంది.

"నేనూ వస్తాను, గట్టు దాకా. పడిపోతే నా కళ్ల ముందే పడాలి" అంది.

ముగ్గురూ వీధి దాటి గట్టెక్కారు. సత్యప్రియ పెడలు మీద కాలు పెట్టి ఒకసారి తల్లి వైపు చూసింది. పెద్దింట్లమ్మ అప్పుడు వదిలింది హ్యాండిలు.

సైకిలు కదిలింది. పసుపు వెలుతురు గాడి పట్టుకుని తిన్నగా సాగింది. ఇరవై బారలు వెళ్లేసరికి పిల్ల కనపడ్డం మానేసింది, సైకిలు కూడా కరిగిపోయింది. గడ చివరి ఎర్రచుక్క మాత్రం, మంచు పలచబడ్డ ఎత్తున, వెలుగుతూ ఆరుతూ పోతోంది. ఎదురుగా ఎక్కడో లారీ హారన్ కొట్టింది. పెద్దింట్లమ్మ మొగుడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండు పెద్ద వెలుగులు వచ్చాయి, ఎర్రచుక్క కొంచెం పక్కకి జరిగింది, లారీ కొబ్బరిపీచు వాసన వేసుకుంటూ వీళ్లని దాటిపోయింది. ఎర్రచుక్క మళ్లీ దారి మధ్యకి వచ్చింది. పడలేదు. తూము దాటింది. లాకుల దాకా వెళ్లింది.

ఇద్దరూ చలిలో అలాగే నిలబడ్డారు. నూకయ్య మోకాళ్లు పీకుతున్నాయి. అయినా కదల్లేదు. ఇన్నేళ్లూ తను మొగలోకి వెళ్తే ఈ మనిషి ఇలాగే నిలబడేదా అనుకున్నాడు. ఇన్నేళ్లూ పడవలో కూర్చుని ఒడ్డెంత కష్టమో ఒక్కరోజు అడగలేదే అని సిగ్గేసింది.

ఆరున్నరకి పక్కింటి చిన్ని సెల్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అవతల సత్యప్రియ, భీమరాజుగారి సెల్లులోంచి. "నాన్నా, అయిదుకి పది నిమిషాలుండగానే వచ్చేసేను. తాళం ఇచ్చేసేరు. రాజుగారు చిప్పని చూసి, ఇలాంటివి ఇంకో నాలుగు కావాలంటున్నారు, పాలు తెచ్చేవోళ్లకి."

నూకయ్య సెల్లు పెళ్లానికిచ్చాడు. పెద్దింట్లమ్మ, "టిఫిన్ తిన్నావా?" అని అడిగి, సమాధానం విని, చెంగుతో ముక్కు తుడుచుకుంది. సెల్లు చిన్నికి తిరిగిచ్చేసి మొగుడి వైపు తిరిగింది.

"ఏవయ్యా, లాకులు దాటేక చింతచెట్టు అడ్డం వచ్చి ఎర్రలైటు కనపళ్లేదు. రేపు ఇంకో మూరెడు పొడుగు గడ చూడు."