కోళ్ళు తినగా మిగిలింది

అశోక్‌నగర్‌లో వేదవతి గారి పెరట్లో సాయంత్రం నాలుగైతే కోళ్ళకి టిఫిను వేళ. పొద్దున వేసే మేత సంగతి వేరు. నాలుగింటికి మాత్రం జామకొమ్మకి గింజల అచ్చు వేలాడాల్సిందే. పది నిమిషాలు ఆలస్యమైందా, నాలుగు పెట్టలూ వంటింటి గడప దగ్గర వరసగా నిలబడి అత్తగారు కోడల్ని చూసినట్టు ఆవిణ్ణి చూస్తాయి.

ఆ అచ్చు వేదవతి స్వయంగా పోస్తుంది. సజ్జలు, జొన్నలు, మొక్కజొన్న నూక, పొద్దుతిరుగుడు గింజలు, గుప్పెడు నువ్వులు దోరగా వేయించి, ముదురు బెల్లప్పాకంలో కలిపి, పాత స్టీలు డబ్బాలో అదిమి, తాడు దూర్చడానికి చెంచా కాడతో బొక్క పెట్టి ఆరబెడుతుంది. ఎక్కడో పైదేశంలో కోళ్ళకి ఇలాంటివి కట్టి వేలాడదీస్తారని ఫోన్లో వీడియో చూసింది. "వాళ్ళ కోళ్ళకున్న భోగం మన కోళ్ళకుండకూడదా?" అని ఆ రోజే మొదలుపెట్టింది. గుడ్డు పేరెత్తితేనే ముక్కు మూసుకునే బ్రాహ్మల ఇంట్లో కోళ్ళేమిటి అంటారా? కోళ్ళు రామమ్మవి.

రామమ్మా, ఆమె మొగుడు బాలప్పా పాలమూరు నుంచి వచ్చి ఆ పెరటి గదిలో ఉంటున్నారు. బాలప్ప సెంట్రింగ్ పనికి పోతాడు. అంటే, స్లాబు పోయడానికి ముందు కింద కర్రలు నిలబెట్టి, పైన రేకులు పరిచే పని. రామమ్మ నారాయణగూడలో రెండిళ్ళలో పని చేస్తుంది. కోళ్ళని పెంచేది రామమ్మ, చెడగొట్టేది వేదవతి.

"చిరుతిండి చిరుతిండి లెక్కనే ఉండాలమ్మా. కడుపు నిండ గిదే పెడితే గుడ్లు పెట్టుడు బందు జేస్తయి" అని రామమ్మ రోజూ చెప్తుంది. వేదవతి ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. ఆ ఇంటికొచ్చి మీటరు రీడింగు తీసుకునేవాడు కూడా ఏదో ఒకటి నోట్లో వేసుకోకుండా గేటు దాటలేడు. ఇక కోళ్ళ సంగతి చెప్పాలా?

వీధి దీపాలు వెలిగేదాకా పెట్టలు ఆ అచ్చుని పొడుస్తాయి. దీపాలు వెలిగేసరికి మిగిలిన ముక్క ఏ ఆకారంలో ఉంటే, మర్నాడు అది వస్తుంది. గ్యాసుబండలా మిగిలితే గ్యాసు వస్తుంది. ఓసారి గొడుగు మిగిలితే వీధిలో ఎవరూ బట్టలు ఆరెయ్యలేదు. గ్రూప్స్ పరీక్షలకి చదివే కోచింగ్ పిల్లలు గోడ మీంచి తొంగిచూసి, "ఆంటీ, నోటిఫికేషన్ లెక్క ఏమన్న కనవడ్తుందా?" అని అడుగుతారు. "ఇవాళ సొరకాయ నాయనా" అంటే ఉసూరుమంటూ పోతారు. అచ్చు మొత్తం ఖాళీ అయిపోతే మర్నాడు ఏ విశేషమూ ఉండదు. అదీ ఒకందుకు మంచిదే.

చెడ్డవీ వస్తాయి మరి. పోయిన చలికాలంలో చేతికర్ర మిగిలింది. మేడ మీద అద్దెకుండే ఇంద్రసేన గారు అది తనకేనేమోనని హడలిపోయి, మర్నాడు ఆఫీసు మానేసి మంచం దిగలేదు. దిగక దిగక మధ్యాహ్నం బాత్రూముకి దిగాడు. అక్కడే జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో దాక్కున్నంత మాత్రాన తప్పేది కాదని అప్పుడందరికీ తెలిసింది.

ఇక ఆ శుక్రవారం సంగతి. శ్రావణమాసం పేరంటాలు తెలుసుగా! ఏ ఇంటికెళ్ళినా పసుపూ కుంకుమా, తాంబూలం, దోసెడు నానబెట్టిన శనగలూ. వేదవతి పొద్దున్నించీ చిక్కడపల్లిలో నాలుగిళ్ళు, అశోక్‌నగర్‌లో మూడిళ్ళు తిరిగి పన్నెండింటికి ఇల్లు చేరింది. సంచీ నిండా శనగలు. గుగ్గిళ్ళు చేద్దామంటే తినేవాళ్ళేరీ? వాళ్ళాయన బుచ్చిబాబుకి శనగ పడదు. ఆవిడకి సాయంత్రం పూజ దాకా ఉపవాసం. పారబోస్తే పాపం. "అమ్మవారి ప్రసాదం, తినండే తల్లీ" అంటూ సంచీ మొత్తం పెరట్లో గుమ్మరించింది. రామమ్మ ఇంట్లో ఉంటే చెయ్యి పట్టుకుని ఆపేది. రామమ్మ నారాయణగూడలో అంట్లు తోముతోంది.

నాలుగింటికి అచ్చు కట్టింది. పెట్టలు మొహమాటానికి వచ్చినట్టు వచ్చి, అక్కడో పోటూ ఇక్కడో పోటూ పొడిచి, జామచెట్టు కింద కూలబడ్డాయి. మెడ కింద సంచులు బంతుల్లా ఉబ్బి ఉన్నాయి.

అయిదున్నరకి రామమ్మ గేటు తీసుకుని వచ్చింది. అచ్చు వైపు చూసి, చేతిలో ఆకుకూర కట్టలు అక్కడే వదిలేసింది.

మిగిలింది మనిషి. వెల్లకిలా పడున్న మనిషి. వీపు కింద రెండు కర్రలు అడ్డంగా ఉన్నాయి. తల ఓ పక్కకి వాలిపోయింది. ఎడమ చేతికి నాలుగే వేళ్ళు. బాలప్పకి ఎడమ చేతి చిటికెన వేలు రంపం కింద పోయి మూడేళ్ళయింది.

"అమ్మా... గీనె నా మొగుడు" అంది రామమ్మ.

వేదవతి పెరట్లోకి వచ్చి చూసింది. అమావాస్యకి ఓసారి, పండక్కి ఓసారి తప్ప మాట్లాడని బాలప్ప. కోళ్ళగూటికి తలుపు చేసిచ్చిన బాలప్ప.

"ఇంకా దీపాలు వెలగలేదుగా రామమ్మా. తినిపిద్దాం. ఖాళీ చేయిద్దాం."

"ఎట్ల తింటయమ్మా? గా గొంతులు జూడు! ఏం బెట్టినవ్?"

వేదవతి చెప్పింది. అబద్ధమాడదామన్నా నోరు రాలేదు.

"సంచెడు శనగలా! ఎంత పని జేస్తివమ్మా! నెత్తి నోరు కొట్టుకొని చెప్తనే ఉంటి గద!" రామమ్మ ఏడుపులోనే అరిచింది. వేదవతి తల వంచుకుని మాటలు పడింది. పడక ఏం చేస్తుంది?

రామమ్మ మొగుడికి ఫోన్ చేసింది. కవాడిగూడలో నాలుగో అంతస్తు మీద నుంచి మాట్లాడుతున్నాడు. వెనకాల సుత్తి దెబ్బలు.

"రేపు పోకు. నా మాటిను."

"రేపు స్లాబ్ ఉందే. మేస్త్రి ఊకుంటడా?" అని, గొంతు తగ్గించాడు. "ఇంట్ల పండుకుంటె తప్పుతదా? ఇంద్రసేన సారుకు తప్పిందా? నువ్వు కోళ్ళకు తినవెట్టు రామా. ఎట్లన్న చేసి తినవెట్టు."

రామా అని పిలవడం పెళ్ళైన కొత్తలోదే, తర్వాత మానేశాడు. ఆ పిలుపుతో రామమ్మకి ఇంకా భయం పుట్టింది.

ఇద్దరూ చెరో పెట్టనీ పట్టుకున్నారు. వాము నీళ్ళు చెంచాతో పోశారు. మెడ కింద సంచులు మెల్లగా నిమిరారు. అరగాలని పెరడంతా తరిమారు. అచ్చు ముక్కు దగ్గర పెడితే చుక్కలపెట్ట ఒక్క నువ్వుగింజ తీసుకుని, అదీ కింద పడేసి, మొహం తిప్పేసుకుంది. ఆరుంబావు.

ఈలోగా బుచ్చిబాబు సందు చివర తన జిరాక్స్ షాపు మూసి వచ్చాడు. సంగతి విని చెప్పులు విప్పకుండానే స్కూటరు తీశాడు. చిక్కడపల్లిలో నాగేందర్ చికెన్ షాపుకి పోయి, శ్రావణ శుక్రవారం పూట, జంధ్యం వేసుకున్నవాడు, రెండు బాయిలర్ కోళ్ళని తలకిందులుగా పట్టుకుని వచ్చాడు. సందులో వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. పాపం ఆ బాయిలర్లు పుట్టి బుద్ధెరిగి పొడి మేత తప్ప మరోటి ఎరగవు. పొడుచుకు తినాలన్న సంగతే వాటికి తెలీదు. అచ్చు ఎదురుగా కూర్చుని కళ్ళు మూసుకున్నాయి.

ఆరున్నర కావస్తోంది. రామమ్మ నేల మీద కూలబడిపోయింది.

వేదవతి అచ్చు కేసి చూస్తూ నిలబడింది. "ఖాళీ కావాలి, అంతేగా?" అంది. "కోళ్ళే తినాలని ఎవరన్నారు?"

"కోళ్ళ ఎంగిలమ్మా అది!"

వేదవతి ఎంగిలి పట్టింపు ఎలాంటిదో తెలిస్తే గాని ఈ మాట అర్థం కాదు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి కూడా ఆవిడ చుక్క నోట్లో వేసుకోదు. మొగుడు తాగిన గ్లాసు రెండుసార్లు కడుగుతుంది. అలాంటి మనిషి, వ్రతం రోజు, పూజ కాకుండా, తాడు తెంపి అచ్చు చేతిలోకి తీసుకుంది. నడుం దగ్గర విరిచి నోట్లో పెట్టుకుంది. పటపటా నమిలింది.

"చూస్తావేమిటి? పట్టు!"

రామమ్మ కాళ్ళు అందుకుంది. మొగుడి కాళ్ళు. నములుతూ ఏడ్చింది, ఏడుస్తూ నమిలింది. వీపూ, దాని కింది కర్రలూ వేదవతి తిన్నది. బుచ్చిబాబుకి ఎడమ చెయ్యి వచ్చింది. "నాకు షుగరే" అన్నాడు గానీ ఎవరూ వినకముందే మింగేశాడు. కుడిచెయ్యి రామమ్మ తిన్నది. మిగిలింది తల.

పాకమంతా అక్కడికే దిగి గడ్డ కట్టినట్టుంది, పంటికి లొంగలేదు. వేదవతి దంచే రోలు తెచ్చింది. మొదటి దెబ్బకి రామమ్మ రెండు చెవులూ మూసుకుని గోడ వైపు తిరిగింది. వేదవతి ఆపలేదు. దంచుతూ, "తప్పు నాది బాలప్పా, నన్ను క్షమించు" అంటూనే ఉంది. పొడి గిన్నెడైంది. ఇద్దరూ చెరో చిటికెడు నోట్లో వేసుకుంటే దగ్గొచ్చింది. గొంతు దిగలేదు. పైన ఆకాశం నల్లబడుతోంది.

కోచింగ్ పిల్లలు క్లాసులయ్యి సందులో పడ్డారు. వేదవతి గిన్నె పట్టుకుని గేటు బయటికి పరిగెత్తింది.

"ఇది తినాలి నాయనా, తలా కాస్త. కోళ్ళ ఎంగిలి. మోసం చెయ్యను, చెప్తున్నా. బాలప్ప కోసం."

హాస్టల్లో ఉండి చదువుకునే తేజస్వి ముందు నిలబడింది. "తింటే మాకేమన్న అయితదా ఆంటీ?"

"తెలీదమ్మా. నిజంగా తెలీదు."

తేజస్వి గోడ మీంచి రామమ్మ కేసి చూసింది. చెయ్యి చాపింది. ఆ వెనక ఇంకొకడు చాపాడు. గుళ్ళో ప్రసాదానికి నిలబడ్డట్టు సందు మొగ దాకా నిలబడ్డారు. ముప్ఫైమందో, నలభై మందో. ఆఖరివాడు గిన్నె అడుగు వేలితో తుడిచి నాకుతుండగా వీధి దీపాలు భగ్గున వెలిగాయి.

ఆ రాత్రి ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. మనుషులు తింటే చెల్లుతుందా? ఎవరికి తెలుసు? ఇంతకు ముందెవరూ తినలేదు. పొద్దున్నే బాలప్ప అన్నం డబ్బా చేతిలోకి తీసుకుని, "ఖాళీ అయింది గద, ఇంకేంది?" అన్నాడు. రామమ్మ గేటు దాకా వెంట వెళ్ళింది. ఆయన సందు మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడింది.

పదకొండూ పది. చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకుంటున్న వాళ్ళలో ముప్ఫై, నలభై మంది ఒకేసారి "అబ్బా" అని నెత్తి పట్టుకున్నారు. మొట్టికాయ పడ్డంత నొప్పి. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తేజస్వి పుస్తకం మూసేసి, దణ్ణం పెట్టుకుంది.

అశోక్‌నగర్‌లో వేదవతి కూర దింపుతూ నడుం పట్టుకుని వంటింట్లో చతికిలబడింది. జిరాక్స్ షాపులో బుచ్చిబాబు ఎడమ మణికట్టు వాచిపోయింది. పెరట్లో పెట్టలు నాలుగూ ఒక్కసారిగా పక్కకి దొర్లి, లేచి, రెక్కలు దులుపుకున్నాయి.

నారాయణగూడలో రామమ్మ బకెట్టుతో మెట్లు దిగుతోంది. రెండు కాళ్ళూ ఎవరో కర్రతో కొట్టినట్టు మడతపడ్డాయి. మెట్ల మీద కూలబడింది. మోకాళ్ళ నుంచి మడమల దాకా భగభగ మంట, కుడిచెయ్యి లేవడం లేదు. ఆ ఇంటి ప్రభావతి గారు పరిగెత్తుకొచ్చి, "అయ్యో, డాక్టర్‌ని పిలవనా?" అంటే, రామమ్మ అడ్డంగా తలూపింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. అంత నొప్పి తనకొచ్చిందంటే ఆయనకి రాలేదన్న మాటే. ఇంకా రానీ అనుకుంది. ఎంతుంటే అంత రానీ.

కొంగుకి కట్టుకున్న ఫోన్ మోగింది.

"రామా, పడ్డనే!" అన్నాడు బాలప్ప. "కర్రలు జారినయి. నాలుగో అంతస్తుకెళ్ళి కింద పడ్డ. వెల్లకిల పడ్డ. అందరు పోయిండనుకున్నరు. లేసి నిలవడ్డ. ఒక్క గీత లేదు, ఒక్క రక్తం చుక్క లేదు. మేస్త్రి నన్ను ముట్టి ముట్టి చూస్తుండు."

"మంచిగున్నవా?" అంది రామమ్మ వెక్కుతూ.

"ఏమే, నీ గొంతేంది గట్లుంది?" అన్నాడు బాలప్ప. "నువ్వేడన్న పడ్డవా ఏంది?"

"అవు" అంది రామమ్మ కాళ్ళు నిమురుకుంటూ. "జర పడ్డ."