గాలివాన మూడు రోజులు

ఆ రేవు పట్నంలో నడకక్క అంటే తెలియనివాళ్లు లేరు. ఊరు చూడవచ్చిన వాళ్లను వెంటబెట్టుకుని వీధి వీధీ తిప్పి చూపించడమే పదిహేనేళ్లుగా ఆవిడ జీవనం. అమ్మానాన్నా పెట్టిన పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. యాభై రెండేళ్లు వచ్చినా కాళ్లలో చురుకు తగ్గలేదు, నోట్లో అసలే తగ్గలేదు. గోడ కనిపిస్తే దానికో కథ, మెట్టు కనిపిస్తే దానికో కథ. అందులో నిజమెంత, వేసిన ఉప్పూకారమెంత అని అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు.

ఆ గురువారం పొద్దున ఎనిమిదింటికి గడియారం స్తంభం కింద నిలబడి ఉన్న మనిషి మాత్రం అడిగే రకం. తనొక్కతే వస్తానని, ఇంకెవరినీ కలపొద్దని ఫోన్లో ముందే ఖరాఖండిగా చెప్పింది. అరవైకి ఒకటో రెండో తక్కువ ఉంటాయి. గట్టిగా దువ్వి బిగించిన జుట్టు, నవ్వు అలవాటు లేని పెదాలు. చేతిలో పొడుగాటి నోటుపుస్తకం, పెన్సిలు.

"ముప్పై నాలుగేళ్లు కోర్టులో స్టెనోగా చేశాను," అంది ఆవిడ. "సాక్షి నోట్లోంచి ఏది వస్తే అది రాయడం నా పని. రిటైరైనా చెయ్యి ఊరుకోదు. మీకు అభ్యంతరం లేదుగా?"

"రాసుకోండి మేడమ్. ఇంటికెళ్లి నలుగురికీ చదివి వినిపించండి," అంది నడకక్క సంతోషంగా.

ఆ సంతోషం పాత కస్టమ్స్ గోదాము దాకా కూడా నిలవలేదు.

"ఇది రెండు వందల ఏళ్ల నాటి కట్టడం మేడమ్."

స్టెనో తలెత్తి గుమ్మం మీద చెక్కిన అంకెలు చూసింది. "తొంభై ఆరేళ్లు," అని రాసుకుంది.

కొండ మీదికెళ్లే మెట్ల దగ్గర నూట ఇరవై మెట్లని చెప్పింది నడకక్క. స్టెనో ఒక్కొక్కటే లెక్కపెడుతూ ఎక్కి, పైన ఊపిరి తీసుకుని, "ఎనభై ఏడు," అంది. తర్వాత ఒక పేజీ వెనక్కి తిప్పి, "ఈ మెట్లు మీ తాతల కాలంలో వేశారని కిందన్నారు. ఇప్పుడు మీ చిన్నప్పుడు వేస్తుంటే చూశానంటున్నారు. ఏది ఉంచమంటారు?" అని అడిగింది.

నడకక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్లలో తాగొచ్చినవాళ్లను చూసింది, నడవలేక మధ్యలో కూలబడ్డవాళ్లను చూసింది, పెళ్లాంతో పోట్లాడుతూ ఊరంతా తిరిగినవాణ్ని చూసింది. ఇలాంటి కొరకరాని కొయ్యను మాత్రం చూడలేదు. అయినా వచ్చిన బేరం కదా అని పళ్ల బిగువున నవ్వు అతికించుకుని రేవు వైపు దారి తీసింది. అక్కడికి చేరితే తనదే పైచెయ్యి అని ఆవిడ ధీమా.

రేవు చివర, అలలు తగిలే గోడ పక్కన, పనిమానేసిన పాత క్రేనొకటి ఉంది. తుప్పుపట్టి గోధుమరంగుకు తిరిగింది. పైన అద్దాలు పోయిన చిన్న గది. అక్కడికి రాగానే నడకక్క గొంతు దానంతటదే తగ్గేది, వినేవాళ్లు దగ్గరికి జరిగేవారు.

"ఇది మా నాన్న నడిపిన క్రేన్," అని మొదలుపెట్టింది. "నాకప్పుడు ఏడేళ్లు. మూడు రోజులు గాలివాన. రెండో రోజు ఓ సరుకుల ఓడ లంగరు తెగి ఇదిగో ఈ గోడకి కొట్టుకుంది. లోపల పదకొండు మంది. ఎవరూ దగ్గరికెళ్లలేకపోయారు. మా నాన్న ఆ గదిలోకెక్కి, కొక్కేనికి ఇనపబుట్ట కట్టి, ఓడమీదికి దించి, ఒక్కొక్కళ్లనే పైకి లాగాడు. మూడు రోజులూ ఆ గది దిగలేదు."

మామూలుగా ఇక్కడ జనం చప్పట్లు కొట్టేవారు. ఒకావిడైతే కళ్లు తుడుచుకుంది కూడా. స్టెనో గోడకున్న రాతిపలక దగ్గరికెళ్లింది. గాలివాన తేదీలు, పోయినవాళ్ల లెక్క చెక్కిన పలక అది. దాని ముందు చాలాసేపు నిలబడింది.

"మీ నాన్నగారు ఈ మూడు రోజులూ ఈ ఊళ్లోనే ఉన్నారా?"

"ఇక్కడే. చెప్పాగా."

"ఇంకోసారి చెప్పండి. రాసుకుంటాను."

"ఈ ఊళ్లోనే ఉన్నాడు మేడమ్. ఆ గదిలోనే ఉన్నాడు."

రాసుకుంది. కింద గీత గీసింది. ఆ తర్వాత పుస్తకంలోంచి తలెత్తకుండానే, "ఆయన ఎడమ చెవి తమ్మె చీలి ఉండేది కదా," అంది.

నడకక్క నవ్వు ఆగిపోయింది. "మీకెలా తెలుసు?"

"నన్ను ఎత్తుకుంటే చేతికి అందేది ఆ చెవే."

సముద్రం మీంచి గాలి విసురుగా వీస్తోంది. నడకక్కకు విషయం అర్థమయ్యింది కాని, అర్థం కానట్టు ఉండాలని ఒక్క క్షణం ప్రయత్నించింది. నాన్నకు ఇంతకుముందు ఒక సంసారం ఉండేదని, తను పుట్టకముందే వాళ్లు ఆయన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టారని అమ్మ చెప్పింది. చెప్పినప్పుడల్లా 'ఆ రాక్షసులు' అనే చెప్పింది.

"ఇన్నేళ్లకి ఏం కావాలని వచ్చారు?" అంది.

"మా అమ్మ పోయిన ఏడు కన్నుమూసింది. పెట్టె అడుగున ఓ ఉత్తరం దొరికింది. మీ అమ్మ రాసింది. ఆయన పోయాడు, ఇక ఎదురు చూడకండి అని రెండే ముక్కలు. ఇరవై రెండేళ్లు దాచింది మా అమ్మ. నాకేమో ఓడతో పాటు మునిగిపోయాడని చెప్పింది. ఉత్తరం మీద చిరునామా ఉంది. అదే చిరునామాతో నీ టూరు ప్రకటన కనిపించింది."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నడకక్క కూడా మర్యాద వదిలేసింది.

"మునిగిపోవడమేంటి? మీవాళ్లే తరిమేశారుగా. నేను పుట్టకముందే."

"నీకెన్నేళ్లు?"

"యాభై రెండు."

"మా తమ్ముడు బతికుంటే యాభై. లెక్క నువ్వే వేసుకో."

నడకక్క వేసుకుంది. వేసుకోకుండా ఉండలేకపోయింది. స్టెనో ఆగలేదు. సాక్ష్యం చదివి వినిపిస్తున్నట్టు, హెచ్చుతగ్గులు లేని గొంతుతో చెప్పుకుపోయింది.

"మాకు ఆయన ఓడ ఉద్యోగి. పదకొండు నెలలు సముద్రం మీద, నెల రోజులు ఇంట్లో. ఏటా ఎండాకాలంలో వచ్చేవాడు."

ఏటా ఎండాకాలంలో నాన్న వేరే రేవుల్లో క్రేన్ల మరమ్మతుకని నెల రోజులు వెళ్లేవాడు. సంచీ సర్ది ఇచ్చేది తనే.

"ఆ పలక మీద మూడు తేదీలున్నాయి చూశావా. నడిమి తేదీన మా తమ్ముడు పోయాడు. జ్వరం. ఐదేళ్లవాడు. నాకు పద్నాలుగు. అమ్మ ఓడ కంపెనీకి టెలిగ్రాం ఇచ్చింది. అలాంటి మనిషి మా దగ్గర లేడని తిరుగు జవాబొచ్చింది. పొరపాటు పడుంటారంది అమ్మ. ఓడలు బోలెడుంటాయి కదా అంది."

స్టెనో నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పింది.

"నేను తగాదాకి రాలేదు. ఒక్కటే అడుగుతా, నిజం చెప్పు. గాలివానలో క్రేన్ నడపరని నాకు తెలుసు. ఓ కేసులో ఇంజనీరు సాక్ష్యం నా చేత్తోనే రాశాను. అయినా అడుగుతున్నా. ఆ పదకొండు మంది సంగతి నిజమేనా? అవునంటే నమ్ముతాను. మావాడు ఒక్కడు పోయిన రోజున ఈయన పదకొండు మందిని బతికించాడని అనుకుంటే నాకు కాస్త నిద్ర పడుతుంది."

అవునంటే పోయేది. పదిహేనేళ్లుగా దారినపోయే ప్రతివాడికీ చెప్పిన అబద్ధమే కదా, ఇంకోసారి చెప్తే నాలుక అరిగిపోదు. మాట పెదవి దాకా వచ్చింది కూడా. అంతలో స్టెనో మరో ముక్క అంది.

"మీ అమ్మ ఉత్తరం చదివితే తెలుస్తుందిలే, ఎలాంటి మనిషో. నాలుగు మాటల్లో మూడు తప్పులు. ఒకరి మొగుణ్ని ఎగరేసుకుపోవడం మాత్రం బాగా వచ్చు."

నడకక్క తల్లి చేపల మంచు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసి మోసి వేళ్లు కొంకర్లు పోయిన మనిషి. ఆ వేళ్లతో ఆ రెండు ముక్కలు రాయడానికి ఎంతసేపు పట్టిందో, ఎన్ని కాగితాలు చింపేసిందో కూతురికి ఊహించుకోవడం కష్టం కాలేదు.

"అబద్ధం," అంది నడకక్క. "ఆ కథంతా నేను కల్పించింది. ఓడవాళ్లని తాళ్లేసి లాగింది చేపలవాళ్లు. గాలి రాగానే రేవు మూసేశారు. మా నాన్న మూడు రోజులూ ఇంట్లో ఉన్నాడు. నాతో. కరెంటు లేదు. మంచాన్ని ఓడ చేశాం. దుప్పటి కట్టి తెరచాప అన్నాడు. ఆయన కెప్టెను, నేను సరంగు. అమ్మ అన్నం పెడితే మంచం దిగకుండానే తిన్నాం. మూడు రోజులూ నవ్వుతూనే ఉన్నాడు. నా బతుకులో అంత సంతోషం మళ్లీ ఎరగను. రాసుకో. ఇది మాత్రం అక్షరం పొల్లుపోదు."

గుచ్చుకోవాలనే అంది. గుచ్చుకుంది. స్టెనో పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది. మొహంలో ఏమీ మారలేదు కాని, ఆ మాటలు మాత్రం రాసుకోలేదు. అది చూశాక నడకక్కకు గెలిచానన్న తృప్తి కలగాలి. నోరు చేదెక్కింది, అంతే.

"ఇంకా ఎన్ని చోట్లున్నాయి?" అంది స్టెనో.

"మూడు."

"పద. సగంలో వదిలేసే అలవాటు నాకు లేదు."

వెళ్లారు. ఉప్పు గిడ్డంగి ముందు నడకక్క "ఉప్పు గిడ్డంగి" అంది, అంతకుమించి అనలేదు. తాళ్లు పేనేవాళ్ల సందులో "తాళ్లు పేనేవాళ్లు" అంది. లైట్‌హౌస్ దగ్గర అసలేమీ అనలేదు, అది కనపడుతూనే ఉంది. ఇద్దరి మధ్యా మూడో మనిషి నడుస్తున్నంత ఎడం. ఎండ నడినెత్తికి వచ్చింది. దాహమేసినా నీళ్ల సీసా ఒకరినొకరు అడగలేదు.

తిరిగి గడియారం స్తంభం దగ్గరికొచ్చాక స్టెనో అంది: "ఆ ఇల్లు చూపించు."

"ఇల్లు టూరులో లేదు."

"చిరునామా నా దగ్గరుంది."

నడకక్క గిరుక్కున తిరిగి ఇంటి దారి పట్టింది. పది అడుగుల వెనక బూట్ల చప్పుడు. వీధి మలుపు తిరిగితే అదీ తిరిగింది. కింద దర్జీ కొట్టు, పక్కనించి నిటారుగా మెట్లు, పైన రెండు గదులు. నడకక్క మెట్ల మొదట్లో అడ్డంగా నిలబడింది.

"పైకి రావడానికి వీల్లేదు."

"రానులే. నేనేమైనా ఆయన మంచం అడిగానా?"

ఆవిడ వీధిలోనే నిలబడి తలెత్తి కిటికీ చూసింది. కిటికీకి ఒక తువ్వాలు ఆరేసి ఉంది. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. అయినా కళ్లు దించలేదు. దర్జీ మిషను తొక్కడం ఆపి వీళ్లవైపే చూస్తున్నాడు.

ఆ పక్కనించి చూస్తుంటే నడకక్కకు నాన్న నుదురు కనిపించింది. లోపలెక్కడో ఏదో కరిగింది. పొద్దున్నుంచీ గుర్తుకు రాని సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అది చెప్తే ఈ మనిషి కాస్త తేలిక పడుతుందనుకుంది.

"ఒకటి చెప్పాలి," అంది. "ఆ గాలివాన తర్వాత వచ్చిన ఎండాకాలం, మరమ్మతుకని వెళ్లి పది రోజులకే వచ్చేశాడు. ఎప్పుడూ నెల రోజులు. ఆసారి పదే. నాకేమీ తేలేదని అలిగాను. ఆయన పలకలేదు. వారం రోజులు పనిలోకి పోలేదు. ఇదిగో, ఈ రెండో మెట్టు మీద కూర్చుని ఏడ్చేవాడు. అమ్మ ఏమైందని అడిగినా చెప్పలేదు. పెద్ద మనిషి అలా ఏడుస్తాడని నాకు అప్పటిదాకా తెలీదు. నీ తమ్ముడి కోసమే అయ్యుంటుంది."

స్టెనో మెట్టు వంక చూసింది. సిమెంటు మెట్టు, అంచు విరిగింది.

"పదో రోజున ఓడ పిలిచిందని వెళ్లిపోయాడు," అంది మెల్లగా. "ఆసారి రాగానే చెప్పాం వాడు పోయాడని. మా అమ్మ ముందు ఒక్క చుక్క రాల్చలేదు. మగవాడు, గుండె రాయి చేసుకున్నాడు అంది అమ్మ. నేనూ అదే అనుకున్నా. నలభై ఐదేళ్లు." ఊపిరి తీసుకుంది. "అయితే ఇక్కడికొచ్చి ఏడ్చాడన్నమాట. ఆ ఏడుపు కూడా మీకే తెచ్చిచ్చాడు."

"నేను ఆ ఉద్దేశంతో చెప్పలేదు."

"తెలుసు. అందుకే ఎక్కువ మండుతోంది."

నోటుపుస్తకం సంచీలో పెట్టుకుని జిప్పు లాగింది. వెళ్లొస్తానని అనలేదు. వచ్చిన దారినే, వీధి మధ్యలోంచి, ఒక పక్కకి కొంచెం ఒరుగుతూ నడిచి వెళ్లిపోయింది. నడకక్క పిలవలేదు. ఏమని పిలవాలో తెలిస్తే పిలిచేదేమో, అదీ చెప్పలేం.

దర్జీ మెడలో టేపుతో గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవరక్కా ఆవిడ? అంత కోపంగా ఉంది?"

"మా నాన్న తరఫు," అంది నడకక్క.

"అన్నం కూడా తినకుండా వెళ్లిపోయారే."

"నేను పెట్టలేదు," అని ఆవిడ మెట్లెక్కి, రెండో మెట్టు మీద కాలు పెట్టకుండా దాటి, పైకి వెళ్లి తలుపు వేసుకుంది.