ఇస్త్రీ చేసిన నోటు

సంచిలో రెండు చొక్కాలు, తువ్వాలు, దువ్వెన సర్దాక కూడా వదిన చేతులు ఆగలేదు. స్వెట్టరు పెట్టింది. జ్వరం మాత్రలు పెట్టింది. సూదీ దారం కూడా ఓ మూల దూర్చింది.

"పొద్దున పోయి రాత్రికి వచ్చేవాడికి ఇన్నెందుకు వదినా? తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది," అన్నాడు మరిది.

"రైలు తప్పితే? చలేస్తే? నీకేం, నోటిమాటతో సరిపెట్టేస్తావు."

భర్త పోయినప్పటి నుంచి గుమ్మం దాటే ప్రతి మనిషి వెనకా ఆమె ప్రాణం కొట్టుకుంటూ పోయేది. ఆయన కూడా ఇప్పుడే వస్తానని చెప్పే వెళ్ళాడు.

వదినా మరిదీ కలిసి వీధి మొదట్లో ఇస్త్రీ కొట్టు నడుపుతున్నారు. ఆమె ఇస్త్రీ చేస్తే అతను ఇంటింటికీ చేరవేస్తాడు. పరుగే తప్ప నడక ఎరగడు కనుక వీధిలో అతని పేరు హడావిడి. ఇప్పుడా కొట్టు గది అమ్మకానికి వచ్చింది. నెలాఖరులోగా బయానా ఇస్తే మీకే, మిగతాది వాయిదాల్లో కట్టుకోండి, లేదంటే ఖాళీ చేయండన్నాడు యజమాని. డబ్బు పుట్టకపోతే ఓడలో వంటపనికి పోతానని మరిది తేల్చి చెప్పేశాడు. ఆ మాట విన్నాక వదినకు ముద్ద దిగడం లేదు.

అలాంటప్పుడు మామగారి ఫొటో వెనక అట్టలో ఒక నోటు బయటపడింది. ఎప్పుడో కొన్నాళ్ళు అచ్చువేసి రద్దు చేసిన రకం. బ్యాంకులో నవ్వి పంపించారు. రేవు పట్నంలో పాత నోట్లు పోగుచేసే పెద్దమనిషి ఒకాయన మాత్రం ఫోనులో ఫొటో చూసి, నోటు తెస్తే బయానాకు సరిపడా ఇస్తానన్నాడు.

"మధ్యలో మడత ఒక్కటే లోపమట. లేకపోతే ఇంకా ఇచ్చేవాడట," అన్నాడు మరిది.

మడతలు తీయడమే వదిన బతుకు. ప్రయాణానికి ముందు సాయంత్రం, మరిది బట్టలిచ్చి రావడానికి వెళ్ళినప్పుడు, నోటు మీద నీళ్ళు చిలకరించి, పల్చటి గుడ్డ కప్పి, పెట్టె మెల్లగా లాగింది. అంతకుముందు వేలికి గరగరా తగిలిన అక్షరాలు నున్నగా అయిపోయాయి. మడత జాడే లేదు. రెండు అట్టల మధ్య పెట్టి దారం కట్టేసింది. అక్కడే విప్పి చూసి సంతోషిస్తాడులే అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది.

"వదినా, నోటుకి ఇస్త్రీ పెట్టావా?"

"మడత పోవాలని పెట్టాను. ఏమన్నాడు?"



"మడత ఉంటే కొంచెమే తగ్గించేవాడట. నీళ్ళు తగిలి, అచ్చు అణిగిపోయాక అది ఎందుకూ కొరగాదట. భూతద్దం పెట్టి చూడగానే పక్కకి నెట్టేశాడు."

"నీ చొక్కాకి పెట్టిన చేత్తోనే పెట్టాను నాయనా," అంది వదిన.

"చొక్కా మాత్రం బాగుందన్నాడులే." మరిది నవ్వబోయాడు. "ఓడవాళ్ళ ఆఫీసు ఇక్కడే ఉంది వదినా. సంతకం పెడితే ముందుజీతం ఇస్తారు. బయానాకి సరిపోతుంది."

"ముందు నువ్వు ఇంటికి రా. గది పోతే పోనీ. రోడ్డు పక్కన బండి పెట్టుకుందాం."

"వానొస్తే ఏం చేస్తాం? నీ పెట్టెకి గొడుగు పడతామా? ఒక్క ఏడాదే కదా. నువ్వు సర్దిన సంచి ఎటూ ఉంది, స్వెట్టరుతో సహా."

"ఆ నోటేం చేశావు?"

"నా దగ్గరే ఉంది. ఎవరూ కొనరుగా, ఇంక పోయే భయం లేదు."

మరిది అటునుంచి అటే ఓడెక్కాడు. ముందుజీతం మూడో రోజున చేరింది. వదిన బయానా కట్టి రసీదు తీసుకుంది. గది నిలిచింది. మరుసటి వేసవిలో ఓడ తిరిగి వచ్చింది. మరిది రాలేదు.